నెవర్సింక్ ఒడ్డున నెమలి ఈక

(గాలం కథ – 9వ భాగం)

1890 ఫిబ్రవరి 22 తేదీతో ఒక ఉత్తరం ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ దాటింది. రాసింది ఫ్రెడరిక్ మైకేల్ హాల్‌ఫర్డ్. ట్రౌట్ చేపల వేట మీద ఆయన మాటే వేదంగా సాగుతున్న రోజులవి. అందుకున్నది థియొడోర్ గోర్డన్. ముప్పై అయిదేళ్ల మనిషి, ఆరోగ్యం అంతంత మాత్రం, అప్పటికి పేరు లేదు. ఉత్తరంతో పాటు హాల్‌ఫర్డ్ తన ఫ్లైల నమూనాలు కొన్ని జతచేశాడు. చిన్న ఉక్కు కొక్కేల మీద ఈకలూ పట్టు దారమూ చుట్టి తయారుచేసిన పురుగుల బొమ్మలవి. నీళ్లలో వేస్తే మునగవు, పైనే తేలతాయి. అమెరికాలో ఫ్లై ఫిషింగ్ చరిత్ర రాసినవాళ్లంతా ఈ ఉత్తరం దగ్గర కాసేపు ఆగుతారు. మనమూ ఆగుదాం. కవరులో ఏం వచ్చిందో చూద్దాం గానీ, దానితో గోర్డన్ ఏం చేశాడన్నదే నా దృష్టిలో అసలు కథ.

గత భాగంలో ఫ్లై వేట మీద రాసిన చార్లెస్ కాటన్‌ని 1676లో, డవ్ నది ఒడ్డున వదిలిపెట్టాం. ఆ తర్వాత ఒకటిన్నర శతాబ్దం పైగా పద్ధతి పెద్దగా మారలేదు. గుర్రపు వెంట్రుకల దారం పోయి పట్టుపురుగు నుంచి తీసిన తంతి వచ్చింది. గాలపు కర్రలు మెరుగయ్యాయి. ఫ్లై మాత్రం చాలావరకు నీటిలో మునిగి, ప్రవాహంతో పాటు కొట్టుకుపోయేది. దీన్ని వెట్ ఫ్లై అంటారు. 1836లో ఆల్ఫ్రెడ్ రొనాల్డ్స్ అనే ఆయన పురుగులను శాస్త్రీయ నామాలతో సహా వర్ణించి, ఒక్కోదాని పక్కన దాన్ని అనుకరించే ఫ్లై బొమ్మ వేసి పుస్తకం తెచ్చాడు. ఆయన స్టాఫర్డ్‌షైర్‌లో బ్లైద్ నది మీదికి ఒక చిన్న గుడిసె కట్టుకుని అందులోంచి చేపలను గమనించేవాడు. చేపకు గాలిలో శబ్దం వినిపిస్తుందా అన్న అనుమానం తీర్చుకోవడానికి పక్కన తుపాకీ కాల్పించి చూశాడు. ట్రౌట్ కదల్లేదు. ఒడ్డు మీద మనిషి నీడ కదిలితే మాత్రం మాయమైపోయేది. వేటగాడు మాట్లాడొచ్చు, ఎగిరెగిరి నడవకూడదు అన్న జ్ఞానం అలా పుస్తకాలకెక్కింది.

ఇక్కడ ట్రౌట్ తిండి గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే తక్కిన కథ అర్థం కాదు. దానికి ఇష్టమైన ఆహారాల్లో మేఫ్లై అనే పురుగు ఒకటి. గుడ్డులోంచి బయటపడ్డాక నీటి అడుగున రాళ్ల కిందో నాచులోనో బతుకుతుంది. చాలా జాతుల్లో ఈ బతుకు ఏడాది పాటు సాగుతుంది. ఒకనాడు పైకి తేలి, నీటి మీదే చర్మం విడిచి, రెక్కలు నిటారుగా నిలుపుకుని ప్రవాహంలో కొంత దూరం కొట్టుకుపోతుంది. ఆ కొద్ది క్షణాలే ట్రౌట్‌కి పండుగ. తప్పించుకున్నవి ఎగిరి ఒడ్డున చెట్ల మీద వాలి, ఇంకోసారి చర్మం విడుస్తాయి. రెక్కలొచ్చాక కూడా చర్మం విడిచే పురుగుల జాతి ఇదొక్కటే. పెద్దయిన మేఫ్లైకి తినడానికి పనికొచ్చే నోరు ఉండదు. జతకట్టి, నీటి మీద గుడ్లు వదిలి, ఒకటి రెండు రోజుల్లో రాలిపోతుంది. ఒకే జాతి పురుగులు ఒకే కాలంలో, ఒక్కోసారి ఒకే గంటలో వేలకు వేలు లేస్తాయి. అప్పుడు ట్రౌట్ మిగతావన్నీ మానేసి ఆ ఒక్క పురుగునే ఏరుకుని తింటుంది. రంగులో, పరిమాణంలో, తేలే తీరులో కొంచెం తేడా ఉన్నా ముట్టుకోదు.

దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో టెస్ట్, ఇచెన్ అని రెండు నదులున్నాయి. సుద్దరాతి నేలలో ఇంకిన వాననీరు ఊటలుగా పైకి వచ్చి ఇవి పుట్టాయి. అందుకే వాటిలో వరద తక్కువ, బురద తక్కువ, ఏడాది పొడుగునా నీటి చల్లదనం దాదాపు ఒకేలా ఉంటుంది. అద్దం లాంటి నీళ్లు, మెల్లటి నడక, అడుగున దట్టమైన పచ్చటి నీటిమొక్కలు, లెక్కలేనన్ని పురుగులు. ఇలాంటి సుద్దరాతి నదులు ప్రపంచంలో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి. అంత తేట నీటిలో ట్రౌట్ ప్రతిదీ చూస్తుంది. మునిగిన ఫ్లైని మొహం మీద ఈడ్చుకుపోతే నమ్మదు. తేలే పురుగును తింటున్న చేపకు తేలే ఫ్లైనే, అదీ దాని ముక్కు ముందు, చప్పుడు కాకుండా వేయాలి. ఇలా నీటిపై తేలే డ్రై ఫ్లై పుట్టుకకు ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు. నదే దాన్ని అడిగింది.

అడిగినంత మాత్రాన వచ్చేయలేదు. ఫ్లై తేలాలంటే తేలికైన, చిన్న కొక్కెం కావాలి. అప్పటిదాకా కొక్కేలకు తలలో కన్ను ఉండేది కాదు. ఫ్లై కట్టేటప్పుడే తంతి ముక్కను కొక్కెం కాడకు కలిపి చుట్టేసేవారు. ఫ్లైని ఆరబెట్టడానికి గాలిలో అటూ ఇటూ విసిరితే ఆ తంతి సరిగ్గా ముడి దగ్గరే చిట్లేది. తంతి పోతే ఫ్లై మొత్తం పోయినట్టే. 1870ల చివర్లో ఈ చిక్కు విప్పినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ సింక్లెయిర్ హాల్. క్లిఫ్టన్ కాలేజీలో లెక్కల మాస్టారు. జార్జ్ బ్యాంకార్ట్ అనే మిత్రుడితో కలిసి, తలలో చిన్న కన్ను ఉన్న సన్నటి కొక్కేలు చేయించాడు. తంతి తెగితే కొత్తది కట్టుకోవచ్చు. చేప ఒక ఫ్లైని కాదంటే నిమిషంలో ఇంకోటి మార్చుకోవచ్చు. హాల్ అన్న పేరు తెలుగు పాఠకులు ఎక్కడో విన్నట్టు ఉందా? ‘హాల్ అండ్ నైట్’ ఆల్జీబ్రా పుస్తకంలో ఉన్న హాల్ ఈయనే. ‘హయ్యర్ ఆల్జీబ్రా’ 1887లో వచ్చింది. ఇప్పటికీ హైదరాబాదు, విజయవాడ, గుంటూరు పుస్తకాల షాపుల్లో ఎంట్రన్సు పరీక్షల పుస్తకాల మధ్య అది దొరుకుతుంది. పర్ముటేషన్లు, కాంబినేషన్ల దగ్గర తల పట్టుకున్న మన పిల్లలెవరికీ ఆ మాస్టారు సాయంత్రాలు కొక్కేనికి కన్ను ఎలా పెట్టాలా అని ఆలోచించాడని తెలియదు. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ పుస్తకం మీద గౌరవం ఇంకొంత పెరిగింది.

ఇప్పుడు హాల్‌ఫర్డ్ దగ్గరికి వద్దాం. 1844లో పుట్టాడు. బట్టల వ్యాపారంలో బాగా సంపాదించిన యూదు కుటుంబం. డబ్బుకు లోటు లేదు, ఓపికకు అంతకన్నా లోటు లేదు. 1879 ప్రాంతంలో వించెస్టర్ ఊళ్లో జాన్ హామండ్ అనే ఆయన గాలపు సామాను దుకాణంలో జార్జ్ సెల్విన్ మారియట్ పరిచయమయ్యాడు. మారియట్ మాజీ సైనికుడు. ఇంగ్లండ్‌లో ఆయనంత నేర్పుగా ట్రౌట్‌ని పట్టేవాడు లేడని సమకాలికులు ఒప్పుకున్న మాట. ఇద్దరూ టెస్ట్ నది ఒడ్డున ఏళ్ల తరబడి పురుగులు పట్టి సీసాల్లో దాచారు, చేపల పొట్టలు కోసి ఏం తిన్నాయో చూశారు, రంగులు పోల్చారు, కట్టిన ఫ్లైలను విప్పి మళ్లీ కట్టారు. 1886లో ‘ఫ్లోటింగ్ ఫ్లైస్ అండ్ హౌ టు డ్రెస్ దెమ్’ వచ్చింది. ఏ ఈక, ఏ దారం, ఏ వరసలో చుట్టాలో అంత విడమరిచి చెప్పిన పుస్తకం అంతకు ముందు లేదు. మూడేళ్లకు, 1889లో, డ్రై ఫ్లై వేటను సిద్ధాంతంగానూ ఆచరణగానూ చెప్పే రెండో పుస్తకం వచ్చింది. మొదటి పుస్తకం మీద మారియట్ పేరు కూడా వేద్దామని హాల్‌ఫర్డ్ అడిగాడు. మారియట్ ఒప్పుకోలేదు. 1896లో ఆయన చనిపోయాడు. తెలిసినదంతా చెప్పి పేరు వద్దన్న మనిషిని చరిత్ర ఎంత తేలిగ్గా మరిచిపోతుందో మారియట్‌ని చూస్తే తెలుస్తుంది. అందుకే ఈ ధారావాహికలో ఆయన పేరు ఒకటికి రెండుసార్లు రాస్తున్నాను.

హాల్‌ఫర్డ్ చేసింది చిన్న పని కాదు. ఎవరికి తోచింది వాళ్లు చేసే అలవాటును ఒక క్రమంలో పెట్టాడు. ప్రవాహానికి ఎదురుగా, చేప వెనుక నుంచి, తేలే ఫ్లైని విసరాలి. దారాన్ని నీరు లాగితే ఫ్లై సహజంగా కాకుండా జారుతుంది, ట్రౌట్ అది పసిగడుతుంది, కాబట్టి ఆ లాగుడు రాకుండా చూసుకోవాలి. ఇవన్నీ నిలబడ్డ సూత్రాలే. అయితే వయసు పెరిగే కొద్దీ ఆయన సూత్రాలు శాసనాలయ్యాయి. పైకి లేచి తింటున్న చేపకే, అది తింటున్న పురుగు నమూనానే, అదీ డ్రై ఫ్లైగానే వేయాలి, మరోలా పట్టడం పెద్దమనిషి లక్షణం కాదు అనేదాకా పోయింది. 1897 పుస్తకంలో వంద నమూనాలున్నాయి. 1910కి వచ్చేసరికి వాటిని 33కి కుదించి, ఇవి చాలు అన్నాడు. హాంప్‌షైర్‌కి చాలేవేమో. నదులన్నీ హాంప్‌షైర్‌లో లేవు.

అమెరికాలో, న్యూయార్క్ నగరానికి వాయవ్యంగా క్యాట్‌స్కిల్ కొండలున్నాయి. బీవర్‌కిల్, విల్లోవిమాక్, ఈసోపస్, నెవర్సింక్ అక్కడి వాగులు. మంచు కరిగి, బండరాళ్ల మీద దూకుతూ, నురగలు కక్కుతూ దిగుతాయి. టెస్ట్ నదికీ వీటికీ పోలికే లేదు. ఆ వాగుల్లో మొదట ఉన్నది బ్రూక్ ట్రౌట్. చల్లటి, శుభ్రమైన నీళ్లుంటేనే బతుకుతుంది. 19వ శతాబ్దంలో అక్కడ తోళ్ల పరిశ్రమ పెరిగింది. హెమ్లాక్ అనే సూదాకు చెట్టు బెరడు తోళ్లు ఊనడానికి పనికొస్తుంది. తోళ్లను బెరడు దగ్గరికి తేవడం చౌక కాబట్టి దక్షిణ అమెరికా నుంచి కూడా పచ్చి తోళ్లు ఆ కొండల్లోకి తెచ్చేవారు. బెరడు ఒలిచి చెట్లను అక్కడే కుళ్లబెట్టారు. నీడ పోయి నీళ్లు వేడెక్కాయి, తోళ్ల కార్ఖానాల మురుగు వాగుల్లో కలిసింది. 1880ల నాటికి హెమ్లాక్ అడవీ అయిపోయింది, చాలాచోట్ల బ్రూక్ ట్రౌటూ అయిపోయింది.

ఆ ఖాళీలోకి కొత్త చేప వచ్చింది. 1880లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో అమెరికన్ చేపల పెంపకందారు ఫ్రెడ్ మేథర్‌కి ఫాన్ బేర్ అనే జర్మన్ బ్యారన్ పరిచయమయ్యాడు. 1883 ఫిబ్రవరిలో ఆ బ్యారన్ పంపిన 80,000 బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ‘వెర్రా’ అనే ఓడలో న్యూయార్క్ చేరాయి. లాంగ్ ఐలండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ కేంద్రంలో పొదిగించారు, కొన్నింటిని వేరే కేంద్రాలకు పంపారు. బ్రౌన్ ట్రౌట్ కొంచెం వేడి నీటిని కూడా తట్టుకుంటుంది. బ్రూక్ ట్రౌట్ కన్నా చాలా జాగ్రత్త గల చేప. అప్పటి అమెరికా ఫ్లైలు ఎక్కువగా ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో మెరిసిపోయే వెట్ ఫ్లైలు. వెర్మాంట్ రాష్ట్రంలోని మాంచెస్టర్ ఊళ్లో ఆర్విస్ కంపెనీ యజమాని కూతురు మేరీ ఆర్విస్ మార్బరీ కొందరు స్త్రీలను కూర్చోబెట్టి ఫ్లైలు కట్టించేది. దేశం నలుమూలలా వేటగాళ్లకు ఉత్తరాలు రాసి, ఏ ఫ్లైకి ఏ పేరు, ఎవరు కట్టారు అని సమాధానాలు రాబట్టి 1892లో పెద్ద పుస్తకం వేసింది. ఒకే ఫ్లైకి పది ఊళ్లలో పది పేర్లుండే రోజుల్లో ఆమె చేసిన సేవ అంతా ఇంతా కాదు. ఆ పుస్తకంలోని రంగుల పటాలు చూస్తే బ్రూక్ ట్రౌట్‌కి ఏం నచ్చేదో ఇట్టే తెలుస్తుంది. అవే ఫ్లైలను బ్రౌన్ ట్రౌట్ ముందు వేస్తే చాలాసార్లు తిరిగి కూడా చూసేది కాదు.

గోర్డన్ ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. 1854లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. ఊపిరితిత్తులు బలహీనం, చివరికి క్షయ పట్టుకుంది. కుర్రతనంలో థాడియస్ నోరిస్ 1864లో రాసిన పుస్తకం చూసి ఫ్లైలు కట్టడం నేర్చుకున్నాడు. ఆస్తి కరిగిపోయాక ఫ్లైలు కట్టి పోస్టులో అమ్మి పొట్ట పోసుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. చివరి సంవత్సరాలు నెవర్సింక్ ఒడ్డున అద్దె ఇళ్లలో, చలికాలాల్లో కూడా అక్కడే, కుంపటి పక్కన ఈకలు ముందేసుకుని గడిపాడు. 1890 నుంచి లండన్‌లో ఆర్.బి. మార్స్టన్ నడిపే ‘ఫిషింగ్ గెజెట్’ పత్రికకు రాశాడు. ఆ ఏడే హాల్‌ఫర్డ్ కవరు వచ్చింది.

ఆ ఫ్లైలు ఎంత అందంగా ఉన్నా నెవర్సింక్‌కి తగనివే. టెస్ట్ మీద నిశ్శబ్దంగా తేలే సున్నితమైన రెక్కలు కొండవాగు నురగలో రెండు విసుర్లకే మునిగిపోతాయి. పురుగులూ వేరు, వాటి రంగులూ వేరు. ఇంకొకరైతే హాల్‌ఫర్డ్ అంతటివాడు చెప్పాడని వాటినే అచ్చు గుద్దినట్టు కట్టుకుంటూ పోయేవాళ్లు. లేదా ఇవి మనకు పనికిరావని డబ్బాలో పడేసేవాళ్లు. గోర్డన్ ఈ రెండూ చేయలేదు. తేలాలి, తేలుతున్న పురుగును పోలాలి అన్న సూత్రం ఉంచుకున్నాడు. నమూనాలు పక్కన పెట్టాడు. తన వాగులో రాళ్లు తిప్పి చూశాడు, గాలిలో ఎగిరేవాటిని టోపీతో పట్టి చూశాడు, ఆ పురుగులకు తగ్గ ఫ్లైలు కట్టాడు.

వాటిలో అతని పేరు నిలబెట్టింది క్విల్ గోర్డన్. దీన్ని కట్టే తీరు కొంచెం దగ్గరగా చూద్దాం. కొక్కెం మన చూపుడువేలి గోరంత ఉంటుంది. దాని మీద మైనం పూసిన లేత పసుపు పట్టు దారం కొన్ని చుట్లు చుట్టాలి. మొదట రెక్క. అమెరికా అడవి బాతుల్లో వుడ్ డక్ అని ఒకటుంది. దాని పక్కటెముకల మీది ఈకలు నిమ్మపండు రంగులో, సన్నటి నల్ల గీతలతో ఉంటాయి. ఆ పోగులు ఒక చిన్న కట్టగా తీసి కొక్కెం ముందు భాగంలో నిలబెట్టాలి. హాల్‌ఫర్డ్ రెక్క కన్నా ఇది గట్టిది, నీళ్లు పీల్చదు. తర్వాత తోక, నాలుగైదు పోగులు. ఆ తర్వాత ఒళ్లు, అంటే ఫ్లై శరీరం. ఇక్కడ కావలసింది నెమలి పింఛం. అదీ కన్ను ఉన్న భాగంలోని పోగులే. ఒక్కో పోగుకు రెండు పక్కలా పచ్చగా మెరిసే నూగు ఉంటుంది. ఆ నూగును గోటితో జాగ్రత్తగా గీకేస్తే లోపల సన్నటి కాడ మిగులుతుంది. దాని ఒక అంచు లేత రంగు, ఒక అంచు ముదురు. తడిపి, పగలకుండా, ఒకదాని పక్కన ఒకటి చుట్లు వేసుకుంటూ పోతే లేతా ముదురూ గీతలు వంతులవారీగా పడి అచ్చం మేఫ్లై కడుపులా కనిపిస్తుంది. కన్ను లేని భాగంలో పోగులు తెచ్చి ఎంత గీకినా ఆ రెండు రంగులు రావు. ఈ కాడ పెళుసు, ట్రౌట్ పళ్లకు తెగిపోతుంది. అందుకని పైన సన్నటి బంగారు రంగు తీగ ఎదురు దిశలో చుడతారు. చివరగా పుంజు మెడ ఈక. రెక్కకు ముందూ వెనకా నిలువుగా చుడితే పోగులు చుట్టూ విచ్చుకుని నిలబడతాయి. ఆ పోగుల కొసల మీదే ఫ్లై నీటిపై నిలుస్తుంది. పెట్ట ఈక మెత్తన, నీళ్లు తాగుతుంది, పనికిరాదు. ముదిరిన పుంజు ఈకే కావాలి, అది కూడా నీలం కలిసిన బూడిద రంగుది.

నెమలి మన ఉపఖండపు పక్షి. 1963లో మన జాతీయ పక్షి అయింది. ఆ పింఛంలోని ఒక పోగు న్యూయార్క్ కొండవాగులో ఏప్రిల్ చలికి ఎగిరే మేఫ్లై కడుపుగా మారడం చూసినప్పుడు నాకు ఆనందం ఆగదు. ఆ కాలంలో అమెరికాలో చేసిన మేలురకం గాలపు కర్రలు కూడా మొదట్లో మన దేశం నుంచి కలకత్తా రేవు మీదుగా వెళ్లిన వెదురుతో చేసినవే. వెదురును పొడవుగా చీల్చి, ఆరు బద్దలను ఒక్కటిగా అతికించేవారు. చైనా వెదురు ఆ తర్వాత వచ్చింది.

గోర్డన్ పుస్తకం రాయలేదు. ఉత్తరాలు రాశాడు, వ్యాసాలు రాశాడు. లిబర్టీ ఊళ్లో తపాలా ఉద్యోగి రాయ్ స్టీన్‌రాడ్ ఫ్లైలు కొనడానికి ఉత్తరం రాసి స్నేహితుడయ్యాడు. గోర్డన్ దగ్గర కూర్చుని కట్టడం నేర్చుకున్నవాడిగా చరిత్రకెక్కింది ఈయనే. హాల్‌ఫర్డ్ పంపిన ఫ్లైలు తర్వాత ఈయన చేతికే వచ్చాయి. 1916లో బీవర్‌కిల్ మీద పురుగులు లేస్తుంటే చూసి, నక్క పొట్ట దగ్గరి లేత రంగు బొచ్చుతో స్టీన్‌రాడ్ ఒక ఫ్లై కట్టాడు. మిత్రుడు ఎ.ఇ. హెండ్రిక్సన్ పేరు దానికి పెట్టాడు. హెండ్రిక్సన్ ఫ్లై ఇప్పటికీ ఆ వాగుల మీద రాజ్యమేలుతోంది. గురువు ఫ్లైని కాపీ చేయకుండా గురువు చూపును నేర్చుకున్నాడు కాబట్టే అది సాధ్యమైంది.

అందరు గురువులూ నేర్పలేదు. రూబ్ క్రాస్ అనే పేరున్న కట్టుడుగాడు ఉండేవాడు. 1920ల చివర్లో వాల్ట్ డెట్ అనే కుర్రాడు వచ్చి నేర్పమంటే కుదరదన్నాడు. వాల్ట్, అతనికి కాబోయే భార్య విన్నీ, మిత్రుడు హ్యారీ డార్బీ కలిసి క్రాస్ కట్టిన ఫ్లైలే కొని తెచ్చుకున్నారు. కట్టిన వరసకు తలకిందులుగా ఒక్కో చుట్టూ విప్పారు. ఏది ముందు చుట్టాడో, ఎన్ని చుట్లు వేశాడో, ముడి ఎక్కడ దాచాడో విప్పి విప్పి తెలుసుకున్నారు. వాల్ట్, విన్నీ దంపతులు రోస్కో ఊళ్లో, హ్యారీ, ఎల్సీ డార్బీ దంపతులు లివింగ్‌స్టన్ మేనర్‌లో దశాబ్దాల పాటు ఫ్లైలు కట్టి అమ్మారు. ఈ రెండు ఇళ్లలోనూ ఆడవాళ్ల చేతి పని మగవాళ్ల పనికి ఏమాత్రం తీసిపోలేదు. విన్నీ కట్టినదీ వాల్ట్ కట్టినదీ పక్కపక్కన పెడితే చెప్పడం కష్టం.

డార్బీ కథలో కోళ్ల సంగతి విడిగా చెప్పాలి. నీలం కలిసిన బూడిద రంగు పుంజు ఈకలు ఎప్పుడూ దొరకవు. ఆ రంగు పుంజునూ పెట్టనూ జతకడితే పిల్లల్లో సగమే ఆ రంగులో పుడతాయి, పావు వంతు నల్లవి, పావు వంతు తెలుపు మీద మచ్చలవి. పైగా రంగు కుదిరితే పోగు గట్టిదనం కుదరదు. డార్బీ పెరట్లో కోళ్లు పెంచి, తరం తర్వాత తరం ఏరి, ఈకల కోసమే ఒక వంశాన్ని తయారుచేశాడు. గోదావరి జిల్లాల్లో పుంజును చూడగానే డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగు కట్టేవాళ్లు ఎంత నిశితంగా చూస్తారో, డార్బీ తన పుంజుల మెడలను అంత నిశితంగా చూసేవాడు. ఇవాళ అమెరికాలో ఈకల కోసం నడిచే కోళ్ల ఫారాల మూలాల్లో ఆయన కోళ్ల రక్తం ఉంది.

ఇంగ్లండ్‌లో ఏమైందో కూడా చెప్పేసుకుందాం. జి.ఇ.ఎం. స్క్యూస్ అనే లాయరు ఇచెన్ నది మీద వేటాడుతూ, పైకి లేచినట్టు కనిపించే ట్రౌట్ చాలాసార్లు నీటి పైపొర కిందే పురుగు పిల్లలను తింటోందని గమనించాడు. అలాంటి చేపకు మునిగే ఫ్లై వేయడంలో తప్పేమిటని 1910లో పుస్తకం రాశాడు. హాల్‌ఫర్డ్ శిష్యులకు అది మింగుడు పడలేదు. గొడవ ఎంత దూరం పోయిందంటే, హాల్‌ఫర్డ్ పోయిన ఇరవై నాలుగేళ్లకు, 1938లో, ఎనభైకి దగ్గరపడిన స్క్యూస్‌ని లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో చర్చకు నిలబెట్టారు. స్క్యూస్ చెప్పిందే నిజమని కాలం తేల్చింది. ఈ స్క్యూస్‌కీ గోర్డన్‌కీ మధ్య కూడా ఉత్తరాలు నడిచాయి. మహాసముద్రానికి అటొకరూ ఇటొకరూ, ఇద్దరూ పుస్తకం కన్నా నీటినే ఎక్కువ నమ్మారు.

హాల్‌ఫర్డ్ 1914 మార్చిలో పోయాడు. గోర్డన్ 1915 మే 1న నెవర్సింక్ దగ్గరే పోయాడు. అతని ఉత్తరాలూ వ్యాసాలూ పోగుచేసి 1947లో జాన్ మెక్‌డొనాల్డ్ పుస్తకంగా వేశాడు. అదే లేకపోతే ఈ భాగం రాయడానికి నాకు ఆధారమే ఉండేది కాదు. న్యూయార్క్ నగరానికి తాగునీటి కోసం నెవర్సింక్ మీద కట్టిన ఆనకట్ట 1953లో పూర్తయింది. పాత నెవర్సింక్ ఊరు, గోర్డన్ తిరిగిన మడుగులు ఆ జలాశయం అడుగున ఉన్నాయి.

గోర్డన్‌ని అమెరికా డ్రై ఫ్లైకి పితామహుడని పిలవడం ఆనవాయితీ. ఆ బిరుదు పూర్తిగా నిలవదు. తేలే ఫ్లై సంగతి నోరిస్ 1864లోనే రాశాడు, ఇంకొందరూ ప్రయత్నించారు. అయినా నా తీర్పు గోర్డన్ వైపే. పరాయి దేశపు గొప్ప పుస్తకాన్ని గౌరవిస్తూనే, తన వాగులో ఏ పురుగు లేస్తోందో తనే వంగి చూసిన మొదటి పెద్ద కట్టుడుగాడు అతనే. అతని తర్వాత అక్కడ పుట్టిన మంచి ఫ్లై ప్రతిదీ ఆ చూపుకే రుణపడి ఉంది.

వచ్చే భాగంలో మద్రాసు ప్రెసిడెన్సీకి తిరిగొద్దాం. 1873లో భారతదేశపు గాలపు వేట మీద ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాసిన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ గురించీ, నీలగిరి కొండవాగుల్లోకి ట్రౌట్ వచ్చిన తీరు గురించీ చెప్పుకుందాం. నీలగిరిలో ట్రౌట్ చూసినవాళ్లు, ఇళ్లలో పాత గాలపు కర్రలు, ఫ్లై డబ్బాలు ఉన్నవాళ్లు పత్రిక చిరునామాకు రాయండి.

(సశేషం)